జానెడు పోగులు

పొద్దెక్కేలోగా చేయవలసిన పనులు ఆరు. పందిరి కింద చిమ్మి నీళ్లు చల్లాలి. నిన్నటి పత్తిలో గింజలు ఏరాలి. నూలు వడికే కదుళ్లు వంగి ఉంటే సరిచేయాలి. పోగులకు పట్టించే చింతగింజల గంజి కాచాలి. చిన్నపిల్లలు జడలుగా అల్లే ఈతాకులు తడిపి పెట్టాలి. ఆఖరున పెద్దమగ్గం శుభ్రం చేయాలి.

పైడికోన రాజ్యంలో, కొండ దిగువన ఉన్న నేతపల్లెలో ఏటా ఎండాకాలం నలభై రోజులు నడిచే బడి అది. పొలాల్లో పని లేని ఆ రోజుల్లో ఏ ఇంటి పిల్లలైనా వచ్చి వడకడం, రంగులద్దడం, నేయడం నేర్చుకోవచ్చు. నేర్పేది భద్రవ్వ. ఆమెకు డెబ్భై ఏళ్లు, కళ్లకు మసక వచ్చింది, వేళ్లకు మాత్రం రాలేదు.

బడి మొదలైన మూడో రోజున పనుల వంతు కొమురమ్మది. గొర్రెలు కాచుకునే ఇళ్ల నుంచి ఆ బడికి వచ్చిన మొట్టమొదటి పిల్ల ఆమె. పన్నెండేళ్లుంటాయి. మొదటి రెండు రోజులూ తనను ఐదేళ్ల పిల్లల పక్కన కూర్చోబెట్టి ఈతాకులు అల్లించారని లోలోపల ఉడికిపోతోంది. ఇవాళ పని చక్కగా చేసి మెప్పించాలనుకుంది.

ఐదు పనులూ అయ్యాయి; గంజి మాత్రం దించకుండా సన్నసెగ మీదే ఉంచింది. పెద్దమగ్గం మీద ముందురోజే బట్ట కోసి తీశారు. పోగులను వరుసలో నిలిపే అచ్చులో పాత పోగులు జానెడేసి వేలాడుతున్నాయి. కొమురమ్మ ఇంట్లో గొంగడి నేయడం ముగిస్తే మగ్గం మీద ఒక్క పోగు మిగలనివ్వరు. మిగిలితే అమ్మ తిడుతుంది. అందుకని ఆమె కత్తి తెచ్చి, పోగులన్నీ తెంపి, అచ్చు నున్నగా తుడిచి, చెత్తతోపాటు వాకిట్లోకి ఊడ్చేసింది. ఎక్కడినుంచో సుడిగాలి లేచి ఆ పోగులను అడవి వైపు ఎత్తుకుపోయింది.

మరుక్షణం బావి దగ్గర కేక వినిపించింది. చేంతాడు పీచుపీచుగా విడిపోయి బిందె బావిలో పడింది. తర్వాత ఉయ్యాల తాళ్లు విడిపోయాయి, పశువుల పలుపులు విడిపోయాయి, ఒంటి మీది బట్టలు దూదిపింజలై రాలాయి, ఊరంతా ఆకులు చుట్టుకుంది. రాజ్యంలో ఏ దారానికీ పురి, అంటే వడికినప్పుడు పడే మెలిక, నిలవడం లేదు.

భద్రవ్వ ఖాళీ అచ్చును తడిమి చూసి, ఉన్నచోటే కూలబడింది.

“ఈ మగ్గం మీద మొదటి బట్ట నేసిన నాటి నుంచి అన్ని పోగులు ఒక్కసారి ఎన్నడూ తెంపలే బిడ్డలారా. బట్ట కోసినప్పుడల్లా జానెడు నెయ్యకుండ వదిలి, ఆ కొసలకే కొత్త పోగులు పురిపెట్టి అతుకుతం. ఆ పాత పోగుల పురే రాజ్యమంత పారుతది. గిది నలభయ్యో రోజు పాఠం. ఇంక మీకు చెప్పనే లేదు.”

కొమురమ్మ కత్తిని వెనక దాచుకుంది.

మధ్యాహ్నానికి రాజుగారే దిగారు. పట్టుపంచె ఊడిపోయినందున నడుము చుట్టూ మోదుగాకు విస్తర్లు కట్టుకుని ఉన్నారు. వాటిని పుల్లలతో కుట్టారు కాబట్టి నిలిచాయి. వెనక ఎవరో కిసుక్కుమన్నారు.

“నవ్వినోని పేరు రాసుకోండ్రి!” అని గర్జించి, “ఎవరి పని ఇది?” అని అడిగారు.

కొమురమ్మ భద్రవ్వ వెనక్కి జరిగింది.

“నా మగ్గం, నా తప్పు,” అంది భద్రవ్వ.

“తొమ్మిది రోజులు గడువిస్తున్న. పురి తిరిగి రాకపోతే నువ్వు ఈ రాజ్యంల ఉండొద్దు, అవ్వా.”

రాజు వెళ్లాక భద్రవ్వ ఎవరి వంకా చూడలేదు. “గంజి మాడుతున్నది. జర చూడు బిడ్డా,” అని మాత్రం కొమురమ్మతో అంది. తిట్టి ఉంటే బాగుండునని కొమురమ్మకు అనిపించింది. గంజి దించి, ఇంటికి పరుగెత్తి, పోగుల చిక్కు తీయడానికి గొర్రెబొచ్చు దువ్వే కొయ్య దువ్వెన, తినడానికి నాలుగు జొన్నరొట్టెలు ఆకులో చుట్టుకుని అడవి దారి పట్టింది.

అడవి మొదట్లో వాగులో గడ్డం నానబెట్టుకుని ఒక ముని కూర్చున్నాడు. “యాడికి బిడ్డా?” అన్నాడు.

“మగ్గం పోగులు ఎతకవోతున్న తాతా.”

“ఎవరు తెంపిండ్రు?”

“గాలికి తెగినయి.”

దారి మీద మోకాలెత్తు ముళ్లకంప మొలిచింది.

“కాదు కాదు, ఎలుకలు కొరికినయి!”

కంప నడుము దాకా పెరిగింది. ముని ఆవులించాడు. “ఇంకో అబద్ధం ఉంటే అదీ చెప్పు. ముండ్లు నెత్తిదాక లేస్తే నాకింత నీడన్న అయితది.”

కొమురమ్మ కళ్లల్లో నీళ్లు తిరిగాయి. “నేనే తెంపిన తాతా. తెలవక తెంపిన. రాజు అడిగినప్పుడు మాత్రం తెలిసే ఊకున్న.”

కంప అంతా ఎండి నేలరాలింది. ముని గడ్డం పిండుకుంటూ, “నీ పోగులు గిజిగాడి గూట్ల ఉన్నయి. లోయ మీద వేలాడే గూడు అది. తోవల చిక్కాసురుడు కూసుంటడు. వాని కోరలు చూసి ఉరకకు. వాని తల చూడు,” అన్నాడు.

రెండు రోజులు నడిచాక కనుమ దారి కనిపించింది. దాన్ని నల్లటి పొద ఒకటి మూసేసింది. దగ్గరికి వెళితే అది పొద కాదు, జుట్టు! దాని నడుమ నుంచి రెండు ఎర్రటి కళ్లు, రెండు కోరలు పైకి వచ్చాయి.

“నా జుట్టు ముట్టినోడల్ల గుంజుడే! గుంజినోణ్నల్ల మింగుడే! నువ్వు గుంజుతవా?” అని చిక్కాసురుడు గద్దించాడు.

కొమురమ్మ ఉరకలేదు, అతని తల చూసింది. నూరేళ్ల చిక్కు. పాపం, ఎంత నొప్పిగా ఉందో! “మామా, నువ్వు ఇటు తిరిగి కూసో. నేను గుంజ,” అంది.

బడిలో మొదటి రోజే ఆమె చేతి మీద ఒక దెబ్బ పడింది. చిక్కును పైనుంచి లాగుతుంటే భద్రవ్వ వేసిన దెబ్బ అది. “కొసల పట్టు, పైకి రా!” అంది అవ్వ. కొమురమ్మ ఇప్పుడు కొసలే పట్టింది. మూడు రోజులు దువ్వింది. జుట్టులోంచి జింక కొమ్మొకటి, రెండు ఇత్తడి చెంబులు, ఎవరిదో ఒంటి చెప్పు, చివరికి బతికున్న కోడిపుంజు బయటపడ్డాయి. కోడిపుంజు రెక్కలు దులుపుకుని కూసింది. రాక్షసుడు ఎప్పుడో గురక పెట్టి నిద్రపోయాడు.

లేచాక నీటిగుంటలో మొహం చూసుకుని, “గీ మొఖం నాదేనా?” అని మురిసిపోయాడు. దువ్వెనకు వచ్చిన జుట్టు కొండంత కుప్ప. “అదంత నీదే కోడలా! నిన్ను మోసుడు నా పని,” అని ఆమెను, ఆ కుప్పను భుజాల మీద ఎక్కించుకున్నాడు.

లోయ మీద వాలిన చెట్టుకొమ్మకు బండి అంత గూడు వేలాడుతోంది. గూటి మెడ చుట్టూ పెద్దమగ్గం పోగులు మెరుస్తున్నాయి. పసుపు తల గిజిగాడు అడ్డంగా రెక్కలు చాచింది.

“పోగులు గుంజితే గూడు తెగి లోయల పడతది. లోపల నాకు మూడు పిల్లలు. నీ రాజ్యం బాధ పెద్దదా, నా బాధ పెద్దదా?”

పోగులు కావాలంటే గూటికి వేరే తాడు ఇవ్వాలి. కానీ రాజ్యంలో పురి నిలిచే దారమే లేదు కదా! కొమురమ్మ తల వంచుకుంది. వంచుకున్న తల మీంచి తన జడ ముందుకు జారి ఒళ్లో పడింది.

జడకు పురి అక్కర్లేదు! మూడు పాయలు ఒకదాని మీద ఒకటి వేస్తే చాలు, అదే నిలుస్తుంది. తాను సిగ్గుపడుతూ ఐదేళ్ల పిల్లలతో అల్లినది అదే. కొమురమ్మ చిక్కాసురుడి జుట్టును మూడు పాయలుగా తీసి అల్లడం మొదలుపెట్టింది. చేంతాడంత జడ తయారైంది. గిజిగాడు ముక్కుతో పట్టి గూటి మెడకు నాలుగు చుట్లు వేసింది. తానే వేలాడి చూసింది. గూడు కదలలేదు. అప్పుడు పోగులను ఒక్కొక్కటే లాగి ఇచ్చింది. మొత్తం మూడువందల అరవై. ఆఖరిది మాత్రం వదల్లేదు.

“ఒకటి నాకు. నేను సుత నేసేటోన్నే కదా!”

కొమురమ్మకు నవ్వొచ్చింది. “ఉంచుకో బావా,” అంది.

తొమ్మిదో రోజు పొద్దు వాలుతుండగా చిక్కాసురుడు ఆమెను నేతపల్లెలో దింపాడు. భద్రవ్వ పందిరి బయట నిలబడి ఉంది, సామాను మోదుగాకుల్లో చుట్టుకుని. ఎదురుగా రాజు.

కొమురమ్మ మగ్గం దగ్గరికి పోలేదు. ముందు రాజు దగ్గరికి వెళ్లింది. “పోగులు తెంపింది అవ్వ కాదు. నేను.”

“మరి ఆనాడు ఎందుకు చెప్పలే?”

“భయమైంది. ఇయ్యాల గూడ అయితున్నది.”

రాజు కోపంగా నోరు తెరిచారు. ఆమె వెనక కోరలు కనిపించేసరికి మూసుకున్నారు. ఈలోగా భద్రవ్వ మూట కింద పడేసింది. “మాటలు తర్వాత. కూసో బిడ్డా. నలభయ్యో రోజు పాఠం ఇయ్యాలనే చెప్త.”

పాత పోగులను అచ్చులో దూర్చారు. కొత్త నూలు పక్కన పరిచారు. అవ్వ కొమురమ్మ వేళ్లకు చిటికెడు బూడిద రాసింది. పాత కొస, కొత్త కొస పక్కపక్కన పెట్టి బొటనవేలితో ఒక్కసారి నలిపి మెలిపెట్టాలి. మొదటి అతుకు పడగానే పాత పోగులోని పురి కొత్త నూలులోకి చీమలబారులా పాకింది. పదో అతుక్కు బావి దగ్గర చేంతాడు బిగుసుకుంది. నూరో అతుక్కు ఉయ్యాలలు ఊగాయి. రాజుగారి పంచె కోటలో ఎక్కడో తయారైందని కబురొచ్చేదాకా ఆయన చిక్కాసురుడి వెనకే నిలబడ్డారు.

ఒక పోగు తక్కువైంది కదా, అంచు పక్కన సన్నటి ఖాళీ గీత మిగిలింది. నేతపల్లె బట్టల్లో ఆ గీత ఇప్పటికీ వదులుతారు. దాన్ని గిజిగాడి వంతు అంటారు.

“నీకేం కావాలె, కోరుకో,” అన్నారు రాజు, అలవాటు ప్రకారం.

కొమురమ్మ రాజును కాక అవ్వను చూసింది. “నలభయ్యో రోజు పాఠం మొదటి రోజే చెప్పాలె అవ్వా.”

భద్రవ్వ ఆ ఖాళీ గీతను వేలితో తడిమింది. తర్వాత, “నన్ను మా అవ్వ నలభై రోజులు ఆపింది. నేను మిమ్ముల ఆపిన. ఎందుకని ఇద్దరం అడగలే,” అని బోసినోటితో నవ్వింది.

ఏళ్లు గడిచాక ఆ పందిరి కింద, నేర్పేవాళ్లు కూర్చునే పెద్దపీట మీద కొమురమ్మ కూర్చుంది. రాజులు మారినా ఆ పీటకు నమస్కరించే పోయారు. ఏటా ఎండాకాలం చిక్కాసురుడు వచ్చి ఐదేళ్ల పిల్లల ముందు తల వంచుకుని కూర్చుంటాడు. జడలు వేయడం వాళ్లు అతని తల మీదే నేర్చుకుంటారు.

పిల్లలూ, మీరెప్పుడైనా ఒక మగ్గం దగ్గరికి వెళితే, బట్ట కోసిన చోట జానెడు పోగులు నేయకుండా వదిలి ఉంటే, అవి చెత్త అనుకోకండి. తరువాత కూర్చునేవాళ్ల కోసం ఎవరో ఉంచినవి అవి. ఒక్క క్షణం ఆగి, ఇంకొకరి తప్పు తన నెత్తిన వేసుకుని, మాడుతున్న గంజి సంగతి మాత్రం చెప్పిన భద్రవ్వను తలుచుకోండి.