దీనమ్మ ప్రార్థన మనవి

పెనం మీద పెసరట్టు ఉండగానే మెర్సీకి ఫోన్ వచ్చింది. సోమవారం వచ్చి చేరమన్న కొవ్వూరు ఆసుపత్రి వాళ్లే. పాతచోట దొంగతనం చేసిందని విన్నామని, మందుల కౌంటర్లో పెట్టుకోలేమని మర్యాదగానే చెప్పి పెట్టేశారు. దీనమ్మ కూతురి ముఖం చూస్తూ ఉండిపోయింది, అట్టు మాడిపోయింది.

రాజమహేంద్రవరంలో ఒక మందుల షాపులో మెర్సీ రెండేళ్లు పనిచేసింది. కిందటి నెల స్టాకులో తేడా వచ్చింది. ఎవరి వల్లో తేలక కౌంటర్లో ఉన్న ముగ్గురినీ తీసేశారు. ఆ బాధే తీరలేదు, ఇప్పుడు గోరుచుట్టు మీద రోకలిపోటు.

మెర్సీ ఆటో ఎక్కి నేరుగా పాత మేనేజరు సూర్యనారాయణరాజు దగ్గరికి వెళ్లింది. వద్దన్నా వినకుండా దీనమ్మ కూడా వెంట వచ్చింది.

"నేను దొంగనని చెప్పారంటండీ."

"చెప్పలేదమ్మా. వాళ్లు అడిగితే, స్టాకు తేడా వచ్చి కౌంటర్లో అందరినీ మార్చామన్నాను. అది జరిగిందే కాబట్టి చెప్పొచ్చు. రుజువు లేకుండా దొంగంటే నువ్వు నా మీద పరువునష్టం కేసు వెయ్యొచ్చు. అంత తెలివితక్కువవాణ్ణి కాను."

ఆయన అప్పటికప్పుడు కొవ్వూరుకి ఫోన్ చేసి, ఆ మాట ఎవరన్నారని అడిగాడు. తమ నర్సు రూబీ చెప్పిందన్నారు. ఆమె చర్చిలో విన్నదట.

దీనమ్మ తల దించుకుంది.

ప్రతి బుధవారం చర్చిలో జరిగే స్త్రీల కూడికలో ఎవరి కష్టం వాళ్లు మైకులో చెప్పుకుంటారు. కిందటిసారి దీనమ్మ లేచి, నా బిడ్డ మీద దొంగతనం మోపి పనిలోంచి తీసేశారు, ప్రార్థన చెయ్యండమ్మా అని ఏడ్చింది. స్టాకు తేడా అంటే ఎవరికి కన్నీళ్లొస్తాయి? అందరూ మనసారా ప్రార్థించారు, మనసారా ఇళ్లకి మోసుకెళ్లారు. పెదవి దాటితే పృథివి దాటుతుందంటారు. ఈ మాటకి గోదావరి దాటితే చాలింది.

ఇంటికొచ్చాక మెర్సీ ఒక్కమాటే అంది.

"కేసుకి భయపడి వాళ్లు కూడా అనని మాట, నువ్వు మైకులో అన్నావమ్మా."

నీ మంచికేనే అని దీనమ్మ ఏడ్చింది. మెర్సీ కరగలేదు. ఆ తర్వాత ఇంట్లో అన్నం పెట్టడానికీ తినడానికీ తప్ప మాటల్లేవు.

మళ్లీ బుధవారం దీనమ్మ కూడికకి వెళ్లింది. ఈసారి ఏం చెబుతుందోనని భయపడి మెర్సీ కూడా వెళ్లి వెనక కూర్చుంది. దీనమ్మ లేచి మైకు పట్టుకుంది.

"నా బిడ్డని పనిలో ఎవరూ దొంగనలేదు. ఆ మాట నేనే కల్పించాను. ఇవాళ నా బిడ్డ కోసం కాదు, నా నోటి కోసం ప్రార్థన చెయ్యండమ్మా."

ముందు వరసలో ఉన్న రూబీ కళ్లు తుడుచుకుని, రేపు డ్యూటీకి వెళ్లగానే ఈ మాట ఆసుపత్రిలో చెబుతానంది. వాళ్లు మళ్లీ పిలుస్తారో లేదో తెలియదు. అమ్మ అంతమందిలో ఒంటరిగా నిలబడి ఉండటం మెర్సీ చూడలేకపోయింది. లేచి వెళ్లి, ఆమె చేతిలోంచి మైకు తీసి పక్కన పెట్టి, ఆమెతో కలిసి మోకరించింది.