నాలుగు వేల మంది నెత్తురు

ఇంటెలిజెన్స్ చీఫ్ ఫైలును బల్ల మీదుగా ఏజెంట్ సెగ ముందుకు నెట్టాడు.

“పేగు జబ్బుతో బాధపడేవాళ్లు నాలుగు వేల మంది రక్తమిచ్చారు. ఆ జబ్బు ఏ జీన్లలో దాక్కుందో మన ల్యాబ్ దాదాపు పట్టేసింది. ఇవాళ మధ్యాహ్నం ఓ విదేశీ ముఠా ఆ జీన్ల లిస్టు కాజేసి, శాంపిల్స్ పాడుచేయబోతోంది. రేపు కనిపెట్టింది మేమే అంటారు. ఇక మందు ఎవరికివ్వాలో వాళ్లిష్టం.”

సెగ పళ్లు బిగించింది. డిపార్టుమెంటులో ఆమెకా పేరు ఊరికే రాలేదు. పైగా ఆ నాలుగు వేల మందిలో ఆమె తమ్ముడొకడు. ఇరవై రెండేళ్లకే రెండు ఆపరేషన్లు. బస్సెక్కాలంటే దారిలో టాయిలెట్ ఎక్కడుందో ముందే చూసుకోవాలి. ‘నా సంగతి సరేలే అక్కా, ఇంకొకరికైనా పనికొస్తుంది’ అంటూ రక్తం తీసుకోమని చెయ్యి చాపాడు.

“నీ కోపం ఇంట్లో పెట్టి వెళ్లు.”

“ఇంట్లో చోటు లేదు సార్.”

మధ్యాహ్నానికి ఆమె ఫ్రీజర్ మెకానిక్ వేషంలో ల్యాబ్‌లో ఉంది. జేబులో టెస్టర్‌లా కనిపించే జామర్. నొక్కితే నలభై సెకన్లు నెట్‌వర్క్ చచ్చిపోతుంది. లోపల డేటా మేనేజర్‌గా డిపార్టుమెంటు మనిషే ఉంది. మెడలో ముత్యాలు. ఆమె నవ్వితే ఎదుటివాళ్లు అడగబోయింది మరిచిపోతారు.

“మూడో ఫ్రీజర్ మొరాయిస్తోందటగా?” అంది సెగ.

“మూడు కాదు, ఏడు.” కోడ్ సరిపోయింది. “దొంగ అక్కడికే వస్తాడు. లోపల కాపు కాయండి.”

సెగ ఫ్రీజర్ గదిలోకి వెళ్లింది. వెనక నెట్‌వర్క్ మీద నడిచే ఎలక్ట్రానిక్ తాళం పడింది. ఏడో ఫ్రీజర్ ప్లగ్ పీకేసి ఉంది, అలారం వైరు తెగి ఉంది. మైనస్ ఎనభై ఉండాల్సింది మైనస్ యాభైకొచ్చింది. తలుపు అద్దంలోంచి చూస్తే డేటా మేనేజర్ కంప్యూటర్ ముందు కూర్చుని ఉంది. అప్‌లోడ్ తొంభై ఆరు శాతం.

దొంగ రావడమేమిటి, ఎప్పుడో వచ్చేసింది.

సెగ ముందు ప్లగ్ పెట్టింది. తొంభై ఎనిమిది. జామర్ నొక్కింది. తొంభై తొమ్మిది దగ్గర అప్‌లోడ్ ఆగింది, తాళమూ ఊడింది. ఒక్క ఉదుటున వెళ్లి కేబుల్ పీకి, డేటా మేనేజర్ చేతులు వెనక్కి విరిచింది.

“ఆ రోగులకు జీన్ల గురించి ఏం తెలుసు?” డేటా మేనేజర్ బుసకొట్టింది. “ఇచ్చారు, మరిచిపోయారు.”

“మా తమ్ముడు మరిచిపోలేదే. రోజుకి ఇరవైసార్లు గుర్తొస్తుంది వాడికి.” బేడీలు అవసరమైన దానికన్నా ఓ నొక్కు ఎక్కువే బిగిశాయి.

అప్పుడే భోజనం ముగించుకుని ముసలి సైంటిస్టు లోపలికొచ్చాడు. బేడీలు చూడలేదు, ఏడో నంబరు ఫ్రీజర్ వైపే చూశాడు.

“బాగైందా అమ్మా? సర్వీసు స్లిప్పు మీద సంతకం పెట్టాలా?”

“పెట్టండి,” అంది సెగ. “ఫాల్ట్ ఏమిటి అన్నచోట ఈవిడ పేరు రాయండి.”