ఎర్ర అద్దం దీపం

శుక్రవారం ఉదయం తయ్యబా టీ వడపోస్తుండగా తలుపులో తాళంచెవి తిరిగింది. బావ అజ్మత్. తన తమ్ముడు, తయ్యబా భర్త సమీయుల్లా పోయినప్పటి నుంచి పరాయి దేశంలో, మబేలాలోని ఆ ఫ్లాట్ తాళంచెవి ఒకటి ఆయన దగ్గరే ఉంది. దగ్గర్లోని అల్ ఖౌద్ నుంచి వస్తాడు, గంట కొట్టడు.

ఈసారి చేతుల్లో ఖాళీ అట్టపెట్టెలు. భర్త పోయిన ఆడది గడప దాటకూడని ఇద్దత్ గడువు ఈమధ్యే ముగిసింది. తయ్యబా మళ్ళీ స్కూల్లో లెక్కలు చెబుతోంది.

"పాత సామాన్లోడు సాయంత్రం వస్తాడు" అన్నాడు అజ్మత్. "నువ్వు, పాప హుమా, అమ్మీ కడపకు పోదురు. అందరితో మాట్లాడినా."

"నాతో మాట్లాడలేదు గదా భాయీ."

ఆయన వినిపించుకోకుండా బీరువా తెరిచి, ఒక దీపం తీసి పెట్టెలో పడేశాడు.

సమీయుల్లా చివరి సెలవులో కడప ఇంటి అటక మీంచి తెచ్చిన దీపం అది. ఒక వైపే ఎర్ర అద్దం, మిగతా మూడు వైపులా నల్ల రేకు. పొగగొట్టం కూడా వెలుతురు జారకుండా వంకర తిరిగి ఉంటుంది. ఇంతగా వెలుగును దాచుకునే దీపం దేనికో భార్యాభర్తలకు అంతుబట్టలేదు. అతను ఓడది అనేవాడు, ఆమె రైలుది అనేది; అత్తను అడగాలని ఇద్దరికీ తోచలేదు. అతను పోయాక ఆమె దాన్ని చూడలేక లోపల పెట్టింది.

తయ్యబా దాన్ని బయటికి తీసింది. "ఇది అమ్మను. నేనూ పోను. నా వీసా నా స్కూలు ఇచ్చింది."

"మన ఇంట్లో ఆడోళ్ళు సంపాదించి ఇల్లు నడిపిందెప్పుడు? నలుగురూ నన్నేమనుకుంటారు?"

"నలుగురికీ నేను టీ ఇచ్చి చెబుతాలెండి."

మంచం మీది నుంచి అత్త సుగ్రా బేగం చెయ్యి చాపింది. "ఆ దీపం ఇట్లియ్యి."

అద్దం మీద వేలితో రాసి చూసింది. "పరదాలు ముయ్యి. ఫోన్ లైటు దీని లోపల పెట్టు."

గది ఎర్రబడింది. ముసలామె ముఖం కూడా.

"ఇది ఓడదీ కాదు, రైలుదీ కాదు. ఫొటోలు కడిగే దీపం. మామూలు వెలుతురు తగిలితే ఫొటో పాడైపోతాది. కరెంటు ఉండీ లేని రోజుల్లో మా అమ్మ దీంతోనే కడిగేది."

"నానా ఫొటో స్టూడియోది గదా?" అన్నాడు అజ్మత్.

"బోర్డు మీది పేరు మా నాయనది, మీ నానాది. హజ్‌కు పొయ్యే ఆడోళ్ళు పాస్‌పోర్టు ఫొటోకు మగోడి ముందు ముసుగు తీస్తారా? మా వెనకింటికి వచ్చేటోళ్ళు. తీసేది అమ్మే, కడిగేది అమ్మే. మేం తిన్నది ఆ అన్నమే."

"ఎప్పుడూ చెప్పలేదే."

"మీ నానాకు నామోషీ అని. ఆయన కూడా ఫొటోలు కడిగే గది తలుపు తట్టి బయట నిలబడాల్సిందే. లోపల అమ్మ సరే అనేదాకా తెరిచేది లేదు."

అజ్మత్ సామాన్లోడికి ఫోన్ చేసి రావద్దన్నాడు. పెట్టెలు మడిచి పట్టుకుపోయాడు.

మరుసటి శుక్రవారం తయ్యబా టీ వడపోస్తుండగా ఎవరో తలుపు తట్టారు. గుమ్మం పక్క మేకుకు అజ్మత్ తాళంచెవి వేలాడుతోంది. పోయినవారం ఆయనే తగిలించి వెళ్ళాడని ఆమె ఇప్పుడే గమనించింది.

వడపోత గిన్నె కింద పెట్టింది. ఇన్ని నెలలుగా రాని ఏడుపు వచ్చింది. ఆ దీపం ఓడదీ రైలుదీ కాదని తను చెబుదామంటే సమీయుల్లా లేడు.

బయట అజ్మత్ మళ్ళీ తట్టలేదు. నిలబడే ఉన్నాడు.

ఆమె ముఖం కడుక్కుని, తుడుచుకుని, "రండి భాయీ" అంది.