బురుజు మెట్లెక్కని ఉబాల్దో

ఇటలీలో మా బొలోన్యా ఊళ్ళో ఉన్న పొడుగు బురుజంటే చదువుకునే పిల్లలకి హడలు. పట్టా చేతికి రాకుండా దాని మెట్లెక్కితే ఇక జన్మలో పాసవరట. ఎప్పుడో ఒకడు ఎక్కాడట... పరీక్ష తప్పి, ఆ బెంగతోనే పోయి, ఆ మెట్లమీదే ఉండిపోయాడట. చీకటి పడ్డాక ఎవరొచ్చినా మెల్లిగా అడుగుతాడని మా వీధివాళ్ళంటారు — "పాసయ్యావా?"

ఉబాల్దో లా కోర్సు చదివాడు. అతను మనసుపడ్డ నివేస్ వాళ్ళ నాన్నది పాస్తా కొట్టు. పట్టా ఉన్నవాడికే పిల్లనిస్తానని కూర్చున్నాడాయన. పాసయ్యానన్నాడు ఉబాల్దో. అంతే, వీధి వీధంతా "డాక్టరు గారూ" అని పిలవడమే! మా ఊళ్ళో పట్టా ఉన్న ప్రతివాడూ డాక్టరే మరి. ఆదివారం పెళ్ళి.

శుక్రవారం కొట్టు కట్టేశాక, చేతులకంటిన పిండి దులుపుకుంటూ నివేస్ అతన్ని బురుజు దగ్గరికి లాక్కొచ్చింది.

"పదండి డాక్టరు గారూ, పైకెక్కి వెన్నెల చూద్దాం. ఇక మీకు అడ్డేముంది?"

"మోకాలు పట్టేసిందే."

"నిన్న మా బల్లెక్కి గంతులేశావుగా!"

"పైన గాలి..."

"ఎక్కు మహానుభావా. వెనక నేనుంటాగా."

తలుపు తీసే ఉంది. లోపల కటిక చీకటి. తడిసిన చెక్క వాసన. ఉబాల్దో ఒక కాలు పెట్టాడు... మెట్టు కిర్రుమంది. రెండో కాలు పెట్టాడు —

పైనుంచి, ఊదినంత సన్నగా...

"పాస...య్యావా?"

అతను గోడకి అతుక్కుపోయాడు.

"లే... లేదండీ," అన్నాడు గుసగుసగా. "రోమన్ లా పేపరు పోయిందండీ. ఈ పిల్ల దక్కదేమోనని అబద్ధమాడానండీ... నన్నొదిలెయ్యండి!"

వెనక కిసుక్కుమని నవ్వు. నివేస్!

"అనుకుంటూనే ఉన్నా! పట్టా ఉన్నవాడికి ఈ మెట్లంటే ఇంత వణుకెందుకూ అని."

ఉబాల్దో తల దించుకున్నాడు. "మరి... పెళ్ళి?"

"పాసయ్యాకే. పొద్దున్నే మా నాన్నకి నీ నోటితో నువ్వే చెప్పుకో. అరుస్తాడు, పిండి వత్తే కర్ర కూడా ఎత్తుతాడు. పడు. అందాకా నేనెవర్నీ చేసుకోనులే."

అతనికి ప్రాణం లేచొచ్చింది. "అయినా గొంతు మార్చి భలే అడిగావే!"

"ఏమడిగాను?"

"పాసయ్యావా అని."

నివేస్ నవ్వు ఆగిపోయింది. "నేను... నోరే తెరవలేదు."

ఇద్దరూ పైకి చూశారు. మెట్టు కిర్రుమంది... దాని కింద మెట్టు... ఇంకా కిందది...

"బాబూ —" ఎవరో మొహమాటపడుతూ, బతిమాలుతున్నట్టు అన్నారు. "నాదీ రోమన్ లా పేపరే పోయింది. నువ్వు చదివేశాక ఆ పుస్తకం... ఓసారి ఇస్తావా?"