నాలుగో తొట్టి

2079లో ఉప్పాడ తీరాన అన్నం వండుకోవాలంటే వంతు రావాలి. వీధికి ఒక్కటే నీటిపొయ్యి. దాని వెనక తొట్టిలో మంచినీళ్ళు పోస్తే, ఎండ నుంచి పుట్టే కరెంటు ఆ నీటిని ఉదజనిగా, ఆమ్లజనిగా విడగొడుతుంది. ఉదజని గిన్నె కింద మంటై వెలుగుతుంది. పొగ లేదు, మసి లేదు. మరి ఇంటికొకటి ఎందుకు లేదంటే, నీరు ఊరికే విడిపోదు. తను ఖర్చయిపోకుండా దాన్ని తొందరపెట్టే ఉత్ప్రేరకం కావాలి. అలాంటి ఇరిడియం పూసిన రేకు బంగారం కన్నా ప్రియం. జనం దాన్ని, కనిపెట్టినాయన పేరు మీద, కామేశం రేకు అంటారు.

ఆ మాట చెవిన పడ్డప్పుడల్లా డాక్టర్ వల్లూరి కామేశం నడక కొంచెం నెమ్మదించేది, ఇంకోసారి వినిపిస్తుందేమోనని. ఇరవై రెండేళ్ళుగా ఆ తీరంలోని ఉదజని ప్రయోగశాలకు ఆయనే పెద్ద. అలాంటి మనిషి ఎదుటి బల్ల దగ్గరికి ఓలేటి నూకరత్నం వచ్చి చేరింది. చేపల వేటకెళ్ళే వాళ్ళింట పుట్టిన పిల్ల, ఆయన దగ్గరే పని నేర్చుకుంది. నేర్చుకున్న పిల్ల ఊరుకుందా? ఇడ్లీ పళ్ళెం ఖరీదు చేసే నికెల్ జల్లెడ తీసుకుని, ఉత్త సముద్రపు నీళ్ళలో ముంచి, ఆ నీళ్ళనే విడగొట్టింది.

ఒక్కటే లోపం. ఉప్పులోని క్లోరైడు పన్నెండో రోజుకల్లా ఆ జల్లెడను తినేసేది. కామేశం పైకి అయ్యో అనేవాడు గానీ లోపల చల్లగా ఉండేది. ఆ నెల ఆమె నాలుగు కొత్త తొట్లు పెట్టింది. పదో రోజుకీ ఒక్కటీ చెదరలేదు, నాలుగోది మరీ చురుగ్గా ఉంది. వంతు కోసం నిలబడ్డ ఆడవాళ్ళు అప్పుడే రత్నం జల్లెడ అనడం మొదలుపెట్టారు. ఆ మాట విన్న రోజు కామేశానికి కడుపు మండిపోయింది.

మధ్యాహ్నం అందరి క్యారేజీలూ కలిపి తినడం అక్కడి రివాజు.

“మా అమ్మ వండిందండి, పండుగప్ప పులుసు. ముళ్ళు చూసుకోండి సార్,” అంటూ రత్నం రోజూ ముందు ఆయన గిన్నెలోనే వడ్డించేది. ఆ పులుసంటే ఆయనకు ప్రాణం. అదీ ఆయనకు కష్టంగానే ఉండేది.

ఆ రోజు తిన్నాక ఆమె డబ్బాలు పట్టుకుని సముద్రపు నీళ్ళకు వెళ్ళింది. కామేశం తన గిన్నెలో మిగిలిన పులుసు వంక చూశాడు. చేపలో గంధకం ఉంటుంది, భాస్వరం ఉంటుంది. ఇరిడియానికి గంధకం విషం. జన్మంతా ఆ విషం నుంచి తన రేకును కాపాడుకున్న మనిషికి, నికెల్ వేరే లోహమన్న సంగతి ఆ క్షణాన తోచలేదు. పులుసు వడగట్టి నాలుగో తొట్టిలో ఒంపాడు. చివరి చుక్క దాకా ఒంపాడు.

పన్నెండో రోజు మూడు తొట్లు చచ్చాయి. నాలుగోది ఆగలేదు. నెల దాటింది, మూడు నెలలు దాటాయి. గంధకమూ భాస్వరమూ కలిసి జల్లెడ మీద సన్నటి పూతగా పట్టి, క్లోరైడును దగ్గరికి రానివ్వడం లేదని కామేశానికి తొందరగానే అర్థమైంది. రత్నానికి అర్థం కాలేదు. మళ్ళీ మళ్ళీ తొట్లు పెట్టింది, అన్నీ పన్నెండో రోజుకే పోయాయి. ఆయన నోరు విప్పలేదు.

చివరికి ఒకరోజు ఆమె అంది: “రేపు ఆ జల్లెడ ముక్క కోసి పరీక్షకు పంపేస్తానండి. ఏం పూత పట్టిందో తేలిపోద్ది.”

తేలిపోతే పేరంతా ఆమెదే. కామేశానికి సిగ్గు కన్నా ఆ ఊహే ఎక్కువ బాధగా ఉంది. ఆమె నీళ్ళకు వెళ్ళగానే లేఖిని ముందు కూర్చున్నాడు. ఆవిష్కరణలకు కర్తలెవరో నమోదు చేసే యంత్రమది. గొంతులో తడబాటును బట్టి అబద్ధాన్ని పట్టేస్తుంది.

“నాలుగో తొట్టిలో పూతకు కారణం నేనే. నా పేరు రాసుకో,” అన్నాడు.

“ఏం కలిపారు?”

“చేపల పులుసు.”

“ఏ ఉద్దేశంతో?”

గుమ్మంలో డబ్బాల చప్పుడైంది. రత్నం నిలబడి ఉంది. లేచి వెళ్ళిపోవచ్చు. కానీ వెళ్ళిపోతే పేరు ఉండదు.

“చెడగొడదామని,” అన్నాడు కామేశం. “నా రేకును జనం మర్చిపోతారని ఓర్చుకోలేక.”

లేఖిని రాసుకుంది. దానికి కోపం రాదు.

“జల్లెడ ఎవరిది?”

“నూకరత్నానిది.”

“పులుసు ఎవరిది?”

వెనక నుంచి రత్నమే చెప్పింది. “మా అమ్మదండి. ఓలేటి మంగాయమ్మ.”

లేఖిని తెర మీద కర్తల పేర్లు రెండు వెలిశాయి, రెండూ ఓలేటి వారివే. అడుగున చిన్న అక్షరాల్లో మూడో వరుస వచ్చింది: ఒంపినది వల్లూరి కామేశం, చెడగొట్టే ఉద్దేశంతో.

మర్నాడు క్యారేజీలు విప్పినప్పుడు రత్నం అందరికీ వడ్డించి, చివర ఆయన గిన్నె నిండా పులుసు పోసింది. ముళ్ళ మాట ఎత్తలేదు. గిన్నె ఖాళీ అయ్యేదాకా ఎదురుగా కూర్చుంది. కామేశం తలవంచుకుని తిన్నాడు. పులుసు ఎప్పటికన్నా బాగుంది. అదీ ఆయనకు కష్టంగానే ఉంది.