నెల్లిమర్ల గొంతు

“రైలెక్కేదాకా ఆ గది వదలొద్దు. చచ్చినవాళ్ళు లేచొచ్చి పిలిచినా వదలొద్దు.”

చీఫ్ సీతారామారావు బ్రీఫింగ్ ఎప్పుడూ ఇంతే. మాటలకి కూడా ఆయన బడ్జెట్ వేసుకుంటాడని డిపార్ట్‌మెంట్‌లో జోకు. ఏజెంట్ శ్రీనాథ్ నవ్వలేదు.

ఆమదాలవలస స్టేషన్ ఎదురుగా ధాన్యం కొట్టు మీది గది. మంచం మీద ఇంజనీర్ జయకృష్ణ జ్వరంతో మగతగా పడి ఉన్నాడు. మన తీరం రాడార్ల కోడ్ విదేశీ ముఠా చేతిలో పడింది. దాన్ని మార్చగలిగినవాడు అతనొక్కడే. సాయంత్రం రైల్లో అతన్ని విశాఖ చేర్చాలి. చేర్చకపోతే ఈ రాత్రికి తీరం మొత్తానికి కళ్ళు పోయినట్టే.

శ్రీనాథ్ వేషం ధాన్యం బ్రోకర్ది. చంకలో సంచి, చేతిలో బస్తాలోకి గుచ్చి గింజలు తీసే ఇనప గొట్టం, చొక్కా గుండీలో కెమెరా. చెవిలో ఇయర్‌బడ్ కూడా ఉంది. అందులో వచ్చేది వైర్‌లెస్ సందేశం అనుకునేరు, కాదు. చనిపోయిన మనిషి ఇంగ్లీషు పాఠం చెబుతోంది.

ఆమె అనూరాధ. విజయనగరంలో స్పోకెన్ ఇంగ్లీష్ టీచర్‌గా కవర్ నడిపిన ఏజెంట్. ఒక మిషన్‌లో ఇద్దరూ బావామరదళ్ళుగా నటించారు. మిషన్ ముగిసింది గానీ ‘బావ’ అన్న పిలుపు ముగియలేదు. పెళ్ళి మాట పైకి అనేలోపే కళింగపట్నం దగ్గర ఆమె ఎక్కిన పడవ తగలబడింది. సముద్రం శవాన్ని కూడా ఇవ్వలేదు. రెండేళ్ళుగా శ్రీనాథ్‌కి తిండీ నిద్రా ఆమె రికార్డు చేసి పెట్టిన ఆ పాఠాలే.

“పికప్ అంటే ఒకటే అర్థం అనుకుంటన్నారేటి?” అంటోంది గొంతు. “కింద పడిన గరిట తీస్తే పికప్. టేసన్‌కెళ్ళి అత్తగారిని తెచ్చుకుంటే పికప్. ఫోన్ ఎత్తితే పికప్. ఎవులూ నేర్పకుండా ఒరియా మాటలు పట్టేస్తే అదీ పికప్పే. పక్కింటోళ్ళ జలుబు మనకంటుకున్నా పికప్పే. యాపారం పుంజు—”

రికార్డింగ్‌లో అక్కడ నెల్లిమర్ల జూట్ మిల్లు సైరన్ మోగింది. ఆమె ఇల్లు మిల్లు వెనకే. గొంతు ఠక్కున ఆగింది. సైరన్ అరిచి అరిచి ఊరుకున్నాక “—కున్నా పికప్పే” అని పూర్తి చేసి, నవ్వింది. “ఇప్పుడు నాను సేసింది కూడా అదే. ఆపిన కాడ నుంచి మళ్ళీ అందుకోడం.”

మిల్లు గోడ పక్కన పుట్టినవాళ్ళందరికీ అదే అలవాటు. ఆ మోతలో ఎంత అరిచినా వినపడదని ఉగ్గుపాలతోనే తెలుసుకుంటారు. సైరన్ మోగితే నోరు దానంతటదే మూతపడుతుంది.

తలుపు చప్పుడైంది. శ్రీకూర్మంలో తాబేళ్ళకి మేత పెట్టారా అని బయటి నుంచి ప్రశ్న. తోటకూర పెట్టారని లోపలి నుంచి జవాబు. కోడ్ సరిపోయింది. లోపలికొచ్చింది సింధూరి, శ్రీనాథ్‌కి తోడుగా చీఫ్ పంపిన ఏజెంట్. పట్టుచీర, నల్లకళ్ళద్దాలు, ఎర్రటి లిప్‌స్టిక్. రహస్యంగా తిరగాల్సిన మనిషి ఊరంతా చూసేలా తయారవుతుందేమిటంటే, ఊరు చీరనే చూస్తుంది, మొహం గుర్తుపెట్టుకోదు అనేది ఆవిడ సిద్ధాంతం.

అప్పుడే ఫోన్ మోగింది.

“బావా. నానే.”

అదే గొంతు. ‘బావా’ని కొంచెం సాగదీసే అదే తీరు.

“సచ్చిపోనేదు బావా. అట్టుకుపోయారు, ఇప్పుడే తప్పించుకున్నాను. నెల్లిమర్లలో మా ఇంటికాడున్నాను. వచ్చి నన్ను పికప్ సేసుకో. ఒక్కడివే రా.”

టవర్ లొకేషన్ చూశాడు. నెల్లిమర్లే. సింధూరి అతని మొహం చూసి సంగతి గ్రహించింది. రెండేళ్ళుగా మీ బాధ చూస్తూనే ఉన్నాను, వెళ్ళండి, ఇక్కడ నేనున్నాగా అంది మెత్తగా.

చీఫ్ మాట గుర్తుంది. గుర్తుండీ మెట్లు దిగాడు. ఏం చెయ్యమంటారు? శవం కూడా దొరకని మనిషి పిలుస్తుంటే ప్రోటోకాల్ ఎంతసేపు నిలుస్తుంది? ఫోన్ చెవి దగ్గరే ఉంది. ఆఖరి మెట్టు మీద ఉండగా అవతల మిల్లు సైరన్ లేచింది. శ్రీనాథ్ పెదవుల మీదికి నవ్వొచ్చింది. ఇప్పుడు ఆగుతుంది, ఆగి మళ్ళీ అందుకుంటుంది.

గొంతు ఆగలేదు. సైరన్ మీదుగా, తొణక్కుండా బెణక్కుండా, “బేగి రా బావా, బయమేస్తన్నాది” అంటూ సాగిపోయింది.

శ్రీనాథ్ గుండెల్లో అనూరాధ రెండోసారి చచ్చిపోయింది. ఏడవడానికి టైమ్ లేదు. మెట్లన్నీ మూడు అంగల్లో ఎక్కి తలుపు తన్నాడు.

సింధూరి మంచం మీదికి వంగి ఉంది. ఆమె చేతిలోని లిప్‌స్టిక్ కొసన సన్నటి సూది. అది జయకృష్ణ మెడని తాకబోతుండగా ఇనప గొట్టం గాల్లో తిరిగి ఆమె మణికట్టుకి తగిలింది. సూది గోడకి గుచ్చుకుంది. మరుక్షణం ఆమె చేతులకి బేడీలు పడ్డాయి.

“ఆవిడ పాఠాలన్నీ ఏఐకి నేర్పాం. గొంతులో వెంట్రుకవాసి తేడా లేదు. ఎక్కడ దొరికాను?” అంది సింధూరి, నొప్పి కంటే అవమానంతో.

“పాఠాల్లో సైరన్ ఉండాలే?”

“అది నాయిస్. ఆవిడ ఆగిన చోట్లతో సహా కట్ చేశాం.”

“ఆవిడ ఉన్నది అక్కడే,” అన్నాడు శ్రీనాథ్.

కింద పడిన ఫోన్ ఇంకా ‘బావా, వస్తన్నావా?’ అని అడుగుతోంది. అబద్ధమని తెలిసీ కాసేపు విని, అప్పుడు కట్ చేశాడు.

జయకృష్ణ రైలెక్కాడు, కోడ్ మారింది. నెల్లిమర్లలో కంప్యూటర్ ముందు కూర్చున్నవాడు కూడా దొరికాడు. గది ఎందుకు వదిలావని చీఫ్ అడగలేదు, ఒక్కరోజు సెలవు మాత్రం ఇచ్చాడు.

మర్నాడు శ్రీనాథ్ మిల్లు వెనక ఇంట్లో కూర్చున్నాడు. అనూరాధ తల్లి దాలమ్మ టీ గ్లాసు పట్టుకొచ్చి అతన్ని ఎగాదిగా చూసింది.

“ఏటి నాయనా, ఇలాగ సిక్కిపోయావు? మా అను ఉంటే నిన్ను—”

సైరన్ మోగింది. దాలమ్మ గ్లాసు పట్టుకుని అలాగే నిలబడింది. శ్రీనాథ్ కూడా కదల్లేదు. మోత ఆగింది.

“—తిట్టీది.”

“అందుకే వచ్చాను అత్తా,” అన్నాడు శ్రీనాథ్.