పండరి దాకా నడిస్తే చెప్తా

పోహా ప్లేటు అందిస్తూ శాల్మలి ఒక్కటే మాట అంది. "ఈ ఆషాఢం మా ఊరి దిండీతో, అదే భజన బృందంతో, కలిసి పండరిపురం దాకా నడవండి. జవాబు అక్కడ చెప్తాను."

పెళ్ళిచూపులకొచ్చిన మల్హార్‌కి నవ్వొచ్చింది. స్కూటర్లు అమ్ముకునేవాణ్ణి పట్టుకుని నడవమంటుందేమిటి! అయినా ఒప్పుకున్నాడు. ఆ కళ్ళు చూస్తే ఎవరైనా ఒప్పుకుంటారు లెండి.

ఘాట్ రోడ్డెక్కి సాస్వడ్ ఊరు చేరేసరికి నవ్వు పోయి బొబ్బలు మిగిలాయి. పైగా తాళాలు కొట్టే మగాళ్ళు ముందు వరసల్లో, తులసి కుండీలు నెత్తిన పెట్టుకున్న ఆడవాళ్ళు వెనక. శాల్మలితో మాట్లాడాలంటే టీకి ఆగినప్పుడే.

"మౌలీ, కాలెలా ఉంది?" అడిగిందామె.

"నాకో పేరుంది."

"మౌలీ అంటే అమ్మ. దిండీలో అందరూ మౌలీలే. మీరూ, ఆ టీ పోసేవాడూ."

"అంటే మేమిద్దరం ఒకటేనా?"

"ఆయన టీ బావుంటుంది. మీ సంగతి ఇంకా తెలీదు."

ఇంతలో శాల్మలి బామ్మ వచ్చింది. "మౌలీ, ఈ తులసి కాస్త పట్టుకో. కొంగు బిగించుకుంటా."

"నన్ను నేనే మోసుకోలేక చస్తున్నా ఆజీ, ఇంకెవర్నైనా అడగండి!" కసిరాడు మల్హార్.

శాల్మలి చూసింది. బామ్మ చేతిలోని తులసి తనే అందుకుంది. అతనికి భయమేసింది.

మళ్ళీ నడక. సన్నగా వాన. ఆ కసురు తనకేం కొత్త కాదని నడుస్తుంటే తెలిసింది. అమ్మ పోయినప్పట్నుంచీ నాన్నతో మాట్లాడేది ఆ గొంతుతోనే. ఒకే ఇంట్లో ఉంటూ "తాళం ఎక్కడ", "ఫ్యాన్ ఆపు" తప్ప ఇద్దరికీ వేరే మాట లేదు. పెళ్ళయితే ఇల్లు అదే బాగుపడుతుందిలే అనుకున్నాడు. పాపం, ఆ వచ్చే పిల్ల ఏం చేస్తుంది?

సాయంత్రం బస దగ్గర, ఎప్పట్లాగే, చిన్నా పెద్దా లేకుండా ఒకరి కాళ్ళకొకరు మొక్కుతున్నారు. ఆజీ వచ్చి వంగి అతని బురద కాళ్ళు తాకింది.

"అయ్యో, ఆజీ! ఇందాక నేను మిమ్మల్ని..."

"ఇందాక నీకు కాలు నొప్పి. ఇప్పుడు తగ్గిందా మౌలీ?"

అతనికి ఏడుపొచ్చేసింది. ఆమె పాదాల మీద పడ్డాడు. తర్వాత పక్కకెళ్ళి నాన్నకి ఫోన్ చేశాడు.

"బాబా, తిన్నారా?"

అవతల తండ్రి కంగారుపడ్డాడు. "ఏమైందిరా? ఎక్కడైనా పడ్డావా?"

"లేదు. నాతో నడుస్తారా?"

జెజురీలో తండ్రి బస్సు దిగాడు. భుజాన సంచీ, చేతిలో బొబ్బల మందు. అది కొడుక్కిచ్చి, అతని కాళ్ళకేసి చూశాడు.

శాల్మలి వచ్చి ఆయన కాళ్ళకు మొక్కింది. ఇక్కడి పద్ధతే కదా అని ఆయనా వంగబోయాడు.

"మీరు నాకు మొక్కకూడదు, మామయ్యా!"

మౌలీ అనలేదు, మామయ్యా అంది. మల్హార్ చేతిలోని మందు కింద పడింది.

"పండరి ఇంకా రాలేదుగా!"

"ఆయన్ని పిలిచాను. మిమ్మల్ని కాదు." సిగ్గు దాచుకోవడానికి తన నెత్తిమీది తులసి తీసి అతని నెత్తిన పెట్టేసింది. "పదండి మౌలీ, ఆలస్యమవుతోంది."

దిండీ అంతా గొల్లున నవ్వింది. మల్హార్ ఒక చేత్తో తులసినీ, ఇంకో చేత్తో నాన్ననీ పట్టుకుని వరసలో కలిశాడు.